మెల్‌బోర్న్ కాంస్యానికి ఉప్పల్ కొలత పనికిరాదు

హైదరాబాద్ జిమ్నాస్ట్ బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో గెలిచిన కాంస్యం గురించి మా నాచారంలో రెండు అబద్ధాలు చలామణిలో ఉన్నాయి. ఆమె ప్రపంచ విజేతల వరుసలో చేరిపోయిందన్నది ఒకటి. ఆ పతకం అసలు లెక్కలోకే రాదన్నది రెండోది. మొదటిదాన్ని 2018 ఫిబ్రవరిలో ఉత్సాహం ఆపుకోలేని శీర్షికలు పుట్టించాయి. రెండోదాన్ని నా మిత్రుడొకడు ఒంటిచేత్తో మోస్తున్నాడు. పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి చాయ్ ముందు కూర్చున్నాడంటే జిమ్నాస్టిక్స్ మీద అతనికి లేని అభిప్రాయం ఉండదు. ఆట మీద ప్రేమ మాత్రం నిజమైనదే. రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్‌ను అర్ధరాత్రి మేలుకుని చూసినవాడు. అయితే, ప్రేమగా చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

అతని వాదన అతని మాటల్లోనే వినండి: "గదేం వరల్డ్ కప్ అన్నా! గా అమెరికా చాంపియన్ బైల్స్ రాకపాయె. గసొంటి దాంట్ల ఎవలు పోయినా పతకం వస్తది. వరల్డ్ కప్పంటే మన ఉప్పల్ల అయింది చూడు, గది వరల్డ్ కప్పు."

చిక్కంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది. 2023లో క్రికెట్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు మూడు ఉప్పల్ స్టేడియానికి వచ్చాయి. అక్టోబర్ 10న శ్రీలంక పెట్టిన 345 పరుగుల లక్ష్యాన్ని పాకిస్థాన్ ఛేదించి, ప్రపంచ కప్ చరిత్రలోనే పెద్ద ఛేదనగా రికార్డు రాసుకున్నది ఈ స్టేడియంలోనే. సన్‌రైజర్స్ ఆట ఉన్న సాయంత్రాల్లో మెట్రో దిగి గేటు దాకా నారింజ రంగు జెర్సీల మధ్య తోసుకుంటూ నడవడం ఇక్కడివాళ్లకు అలవాటు. అలాంటి చోట పెరిగినవాడికి ప్రపంచ కప్ అంటే నాలుగేళ్లకోసారి వచ్చే ఒకే ఒక్క పండగ, అందులో గెలిచినవాడే జగజ్జేత. జిమ్నాస్టిక్స్‌లో ఆ పేరున్నది వేరే సరుకు. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఏటా కొన్ని నగరాల్లో వరసగా పోటీలు పెడుతుంది: 2018లో మెల్‌బోర్న్, బాకు, దోహా, కాట్‌బస్... ఇలా. వీటిలో ఒక్కోటీ ప్రపంచ కప్ సిరీస్‌లో ఒక మజిలీ. వీటికి ఒక మెట్టు కింద వరల్డ్ చాలెంజ్ కప్ అని ఇంకో వరస ఉంది. జగజ్జేతను తేల్చేది ఈ రెండూ కావు, ప్రపంచ చాంపియన్‌షిప్. అందులో మన దేశానికి ఇంతవరకూ పతకం లేదు. 2015లో గ్లాస్గోలో దీపా కర్మాకర్ వాల్ట్‌లో సాధించిన ఐదో స్థానమే మన దగ్గర చెప్పుకోదగ్గది.

హైదరాబాదీకి ఇది అర్థం కాదంటే నేను నమ్మను. మన షట్లర్ సింధు ఇండియా ఓపెన్ గెలిచిన రోజుకూ, 2019లో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయిన రోజుకూ తేడా ఈ నగరంలో పదేళ్ల పిల్లవాడు కూడా చెబుతాడు. ఇండియా ఓపెన్ ప్రపంచ చాంపియన్‌షిప్ కాదని దాన్ని చెత్తబుట్టలో వేసినవాళ్లు ఎవరూ లేరు. బ్యాడ్మింటన్‌కు ఉన్న ఈ పాటి వివేకం జిమ్నాస్టిక్స్ దగ్గరికొచ్చేసరికి ఎటు పోతోంది?

ఇక అసలు పోటీ సంగతి. 2018 ఫిబ్రవరి 24న మెల్‌బోర్న్ వాల్ట్ ఫైనల్‌లో స్లొవేనియా అమ్మాయి త్యాషా కిసెలెఫ్‌కు 13.800తో స్వర్ణం, ఆస్ట్రేలియాకు చెందిన ఎమిలీ వైట్‌హెడ్‌కు 13.699తో రజతం, అరుణకు 13.649తో కాంస్యం వచ్చాయి. అదే ఫైనల్‌లో మన ప్రణతి నాయక్ 13.416తో ఆరో స్థానంలో ఆగింది. ఎవరు పోయినా పతకం వచ్చేదైతే ప్రణతికి ఎందుకు రాలేదో మిత్రుడు చెప్పాలి. ఆమె అల్లాటప్పా క్రీడాకారిణి కాదు. మరుసటేడాదే ఆసియా చాంపియన్‌షిప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది, ఆ తర్వాత టోక్యో ఒలింపిక్స్‌కూ వెళ్లింది. ప్రపంచ కప్‌లో భారతీయులకు తొలి వ్యక్తిగత పతకం తెచ్చింది అరుణే. ఈ 'తొలి' అన్న మాటకు హద్దు కూడా అంతే. దానికి ముందే ఆశిష్ కుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రజతం, కాంస్యం గెలిచాడు. దీప 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్‌లో దేశానికే మొదటి అంతర్జాతీయ పతకం అరుణదని రాసినవాళ్లు ఆ ఇద్దరికీ అన్యాయం చేశారు.

బైల్స్ రాలేదంటాడు కదా, ఆ మాట నిజమే. కానీ అదే సంవత్సరం జులైలో టర్కీలోని మెర్సిన్‌లో దీప 14.150తో స్వర్ణం గెలిచినప్పుడు ఇదే మిత్రుడు హోటల్లో అందరికీ చాయ్ చెప్పాడు. మెర్సిన్‌కు బైల్స్ వచ్చిందా? రాలేదు. పైగా అది ప్రపంచ కప్ కాదు, ఒక మెట్టు కిందిదైన చాలెంజ్ కప్. అక్కడ ఇండొనేషియా అమ్మాయికి రజతం తెచ్చిన మార్కు 13.400. అంటే మెల్‌బోర్న్ నాటి 13.649 అక్కడ వచ్చి ఉంటే అరుణ రెండో స్థానంలో నిలిచేది. దీప స్వర్ణాన్ని తగ్గించడానికి చెప్పడం లేదు; మోకాలి శస్త్రచికిత్స తర్వాత అది ఆమె పునరాగమనం, చాయ్‌లు పంచదగ్గదే. మెర్సిన్‌కు వెన్న పూసి మెల్‌బోర్న్‌కు సున్నం పూసే తీరు గురించే నా ఫిర్యాదు.

ఒకే పేరున్న పోటీల్లో కూడా పోటీదారుల బలం ఒక్కలా ఉండదు. అదే ఏడాది నవంబర్‌లో కాట్‌బస్ ప్రపంచ కప్‌లో దీప 14.316తో కాంస్యం తెచ్చింది. ఆమెకు పైన ఉన్నవాళ్లు బ్రెజిల్ తార రెబెకా ఆండ్రాడే, అమెరికా అమ్మాయి జేడ్ కేరీ. ఆ ఫైనల్ పోటీ మెల్‌బోర్న్‌కంటే చాలా గట్టిది, ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అరుణ కూడా ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల వాల్ట్ ఫైనల్‌లో ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. "ప్రపంచ కప్‌ల పతకం, ఆసియాల ఏడో ప్లేసా?" అని మిత్రుడు నవ్వాడు. నవ్వే ముందు అక్కడ ఎవరు గెలిచారో చూడాల్సింది. స్వర్ణం గెలిచింది దక్షిణ కొరియా అమ్మాయి యో సియో-జియాంగ్, తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో వాల్ట్ కాంస్యం ఆమెదే. రజతం ఉజ్బెకిస్థాన్ క్రీడాకారిణి ఒక్సానా చుసోవితినాది. జిమ్నాస్టిక్స్‌లో పేరును బట్టి పోటీని తూకం వేస్తే ఇలాగే నవ్వులపాలవుతాం. ఆసియా అన్న చిన్న పేరు కింద ఉన్న ఫైనల్, ప్రపంచం అన్న పెద్ద పేరు కింద ఉన్న ఫైనల్‌కంటే కఠినంగా ఉండొచ్చు.

చుసోవితినా పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకో మాట కూడా తేల్చేద్దాం. "ఇరవై దాటినంక జిమ్నాస్టిక్స్ ఏందన్నా" అనేది మిత్రుడి ఊతపదం. జకార్తాలో రజతం గెలిచేనాటికి చుసోవితినా వయసు 43. అప్పుడు అరుణకు 22.

ఇక రియో. ఈ విషయంలో మా ఇద్దరికీ సంధి కుదరదు. "దీపను జడ్జీలే ముంచిండ్రు, పాయింట్ పదిహేను ఎక్కడ కోసిండ్రో ఎవలికి తెల్వది" అంటాడు. అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ లెక్క కాగితం మీదే ఉంది. 2016 ఆగస్టు 14 ఫైనల్‌లో ఒక్కొక్కరూ రెండు వాల్ట్‌లు చేశారు, రెండింటి సగటే తుది మార్కు. ఒక్కో వాల్ట్‌కు రెండు భాగాలు. ఎంత కష్టమైనది ఎంచుకున్నారో చెప్పేది డిఫికల్టీ. ఎంత శుభ్రంగా చేశారో చెప్పేది ఎగ్జిక్యూషన్, ఇది 10 నుంచి మొదలై తప్పు తప్పుకూ తరుగుతుంది. ఎగ్జిక్యూషన్ జడ్జీల మార్కుల్లో ఎక్కువ తక్కువలు తీసేసి మధ్యవాటి సగటు వేస్తారు. కాబట్టి ఒక్క జడ్జీ పగబట్టినా చేయగలిగేది తక్కువ. దీప మొదటి వాల్ట్ సుకహారా: డిఫికల్టీ 6.0, ఎగ్జిక్యూషన్ 8.866. రెండోది ప్రొడునోవా: 7.0, 8.266. సగటు 15.066. కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్ క్రీడాకారిణి జూలియా స్టైన్‌గ్రూబర్ డిఫికల్టీలు 6.2, 5.8 మాత్రమే, తుది మార్కు 15.216. ఇప్పుడు కూడికలు చేయండి. కష్టంలో దీప సగటున అర మార్కు ముందుంది. శుభ్రతలో 0.65 వెనకబడింది. మిగిలిన తేడా 0.15. ఆమె పతకం పోయింది ఈ తీసివేతలో. ఇందులో ఎవరి కుట్రా లేదు.

ఆ ప్రొడునోవాను మళ్లీ ఒకసారి నెమ్మదిగా చూడండి. పరుగెత్తుకొచ్చి, స్ప్రింగ్‌బోర్డు తన్ని, 125 సెంటీమీటర్ల ఎత్తున్న టేబుల్ మీద చేతులు ఆనించి గాల్లోకి లేచి, మోకాళ్లు ముడుచుకుని ముందుకు రెండు పల్టీలు. ముందుకు తిరిగే పల్టీలో దిగబోయే నేల చివరి క్షణం దాకా కంటికి ఆనదు. దీప పాదాలు చాప మీద పడ్డాయి, మోకాళ్లు వంగాయి, ఇంకా వంగాయి, నడుము దాదాపు చాపను తాకేటంత కిందికి దిగి, అక్కడి నుంచి లేచి నిలబడింది. పిరుదులు చాపకు తగిలి దాన్ని పడిపోవడంగా లెక్కించి ఉంటే ఒక పూర్తి మార్కు కోత. జడ్జీలు ఆ కోత వేయలేదు. ఆమెను ముంచారంటున్న జడ్జీలే ఆ 8.266 ఇచ్చారు.

ఇక్కడి నుంచే మిత్రుడి తర్వాతి సూత్రం పుడుతుంది: ప్రొడునోవా ఒక్కటి పట్టుకుంటే పతకం గ్యారంటీ, అరుణ ధైర్యం చేయలేదు. రియో లెక్కే దీనికి జవాబు. ఆ రోజు ప్రొడునోవా చేసిన ఇద్దరికీ పతకం రాలేదు. దీప నాలుగు, చుసోవితినా ఏడు. తర్వాత సమాఖ్యే 2017 నుంచి ప్రొడునోవా విలువను 7.0 నుంచి 6.4కు తగ్గించింది. మెడ విరిగే ప్రమాదం ఉన్న వాల్ట్‌కు మార్కులు తగ్గిన ఏడాది తర్వాత, అది చేయలేదని ఒక అమ్మాయిని పిరికిదనడం చాయ్ హోటల్ కుర్చీలో కూర్చున్నవాడికే చెల్లుతుంది.

ఆ తగ్గింపు ప్రొడునోవాతో ఆగలేదు, వాల్ట్‌ల విలువలన్నీ మారాయి. అందుకే రియో 15.066 పక్కన మెల్‌బోర్న్ 13.649 పెట్టి "చూడు, ఒకటిన్నర మార్కు తేడా" అనడం చెల్లని లెక్క. ఒకే నియమావళి కింద పోల్చాలంటే దీప మెర్సిన్ మార్కు 14.150 తీసుకోవాలి. తేడా అర మార్కు. జడ్జీలు వేరు, ఊళ్లు వేరు కాబట్టి అదీ ఉజ్జాయింపే. దీప మెరుగైన వాల్టర్, అందులో సందేహం ఎవరికీ లేదు. కానీ ఆ మెరుగు ఎంతో చెప్పేటప్పుడు మూడింతలు చేసి చెప్పకూడదు. ఇంకో చిత్రం చూడండి. మెల్‌బోర్న్ స్వర్ణానికి అరుణ 0.151 దూరంలో ఉంది. రియోలో పాయింట్ పదిహేను తేడా అన్యాయమైతే, మెల్‌బోర్న్‌లో అంతే తేడా ఎలా అల్పమైపోతుంది?

ఇదంతా పట్టుబట్టి రాయడానికి ఇంకో కారణం ఉంది. అరుణ తయారైంది బషీర్‌బాగ్ పక్కన ఎల్బీ స్టేడియంలో. కరాటే నేర్చుకుంటున్న పిల్లను తండ్రి నారాయణరెడ్డి జిమ్నాస్టిక్స్‌కు మళ్లించారు. ఆయన 2010లో పోయారు. మెల్‌బోర్న్ పతకాన్ని ఆమె ఆయనకే అంకితమిచ్చింది. ఒకప్పుడు నగరంలో అంతర్జాతీయ క్రికెట్ కూడా ఆ స్టేడియంలోనే జరిగేది. 2005 నవంబర్‌లో భారత్, దక్షిణాఫ్రికా వన్డేతో ఆ ఆట ఉప్పల్‌కు తరలివచ్చింది, దాని వెంట జనం, కెమెరాలు, డబ్బు వచ్చాయి. జిమ్నాస్టులు అక్కడే ఉండిపోయారు. క్రికెట్ వెంట తరలివచ్చిన జనం ఇప్పుడు క్రికెట్ కొలతతోనే వాళ్ల పతకాలకు వెల కడుతున్నారు.

2019లో అరుణ మోకాలి లిగమెంట్ తెగి శస్త్రచికిత్స అయింది. "అయిపాయె కథ" అని మిత్రుడు అప్పుడే తీర్పు చెప్పేశాడు. 2021 డిసెంబర్‌లో కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో ఆమె వాల్ట్‌లో, ఫ్లోర్‌లో రెండు స్వర్ణాలు గెలిచింది. ఆ వార్త చెబితే, "ఇది వరల్డ్ కప్పేనా అన్నా?" అని అడిగాడు. కాదు తమ్మీ, అది అంతర్జాతీయ టోర్నీయే కానీ ప్రపంచ కప్ సిరీస్‌లోది కాదు. ఎవరైనా అలా రాస్తే వాళ్ల మీద కూడా ఇలాగే ఖండన రాస్తాను.