బయానాకు ముందు ఒక్క పూట



మా పల్నాటిలో ఇల్లు కొనదలచినవారు మొదట సిద్ధాంతిగారిని పిలుస్తారు. ఈశాన్యం పెరిగినదా, వీధిపోటు ఏమైనా ఉన్నదా అని చూపించుకుంటారు. పిదప దస్తావేజులూ ఈసీ ప్లీడరుగారికి ఇస్తారు. రెండూ కావలసినవే, కాదనను. మరి గోడను చూచేదెవరు?

రెండేళ్ల క్రిందట మా మేనల్లుడు నరసరావుపేటలో ఒక పాత డాబా చూశాడు. "సాయంత్రానికి ఇంకొకరు బయానా ఇస్తున్నారు" అని మధ్యవర్తి తొందరపెట్టాడు. 2022 ఏప్రిల్‌లో మా ఊరు జిల్లాకేంద్రమైనది మొదలు ఈ మాట తరచుగా వింటున్నాను. "తాపీమేస్త్రిని ఒకసారి తీసుకువెళ్లరా" అన్నాను. "అంతలో ఇల్లు చేజారిపోతుంది మామయ్యా" అన్నాడు. కొన్నాడు. గోడలకు కొత్త రంగు నిగనిగలాడుతున్నది.

మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతు చాలనప్పుడు గోడ కూడా దానితోపాటే కదులుతుంది. వానలు వెళ్లి ఎండలు ముదిరేసరికి కిటికీ మూలల నుండి ఏటవాలుగా బీటలు తేలాయి. మేస్త్రి వచ్చి చూచి, ఇవి పాత బీటలే, సిమెంటు మెత్తి రంగు వేశారన్నాడు. వేలి కణుపుతో తట్టి, గుల్లగా మ్రోగిన చోటు కూడా చూపించాడు. అదే తట్టుడు బయానాకు ముందు పడి ఉంటే!

చట్టం లేకపోలేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యలోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవారు చెప్పితీరాలి. కానీ ఆయనకు తెలుసునని రుజువు చేసేదెట్లు? 2016 నాటి రెరా చట్టం నిర్మాణలోపాలకు అయిదేళ్ల పూచీ పెట్టింది, అది కొత్తగా కట్టి అమ్మే బిల్డర్లకే. చేతులు మారిన పాత డాబాకు అది వర్తించదు.

అమెరికాలోని మన పిల్లలు కూడా 2021 ప్రాంతపు పోటీలో ఇంటి తనిఖీనే వదులుకొని ఇళ్లు కొన్నారు. అక్కడి మసాచుసెట్స్ రాష్ట్రంలో 2025 అక్టోబరు 15 నుండి, కొన్ని మినహాయింపులు పోను, తనిఖీ వదులుకొమ్మని అమ్మేవారు షరతు పెట్టరాదు. మనకు అటువంటి కట్టడి వచ్చేదాకా ఆగనక్కరలేదు. సిద్ధాంతిగారి సంభావనలో సగమైనా మేస్త్రికిచ్చి ఒక్క పూట చూపించరాదా? ఆ వ్యవధి కూడా ఇవ్వని పక్షంలో, వారంలోగా మేస్త్రి లోపం చూపితే బయానా తిరిగి ఇచ్చేటట్లు అగ్రిమెంటులో వ్రాయించండి. ఒప్పుకోని ఇల్లు చేజారితే చేజారనీయండి.

మావాడు ఇప్పుడు ఏటేటా మేస్త్రిని పిలుస్తున్నాడు.