తట్ట మోసేవాడికి ఆలోచన ఉండదా?

పెద్ద కంపెనీలకు ఓ మాట పట్టుకుంది. ఇన్నోవేషనంట. అంటే కొత్త ఆలోచన, కొత్త పద్ధతి. దానికో విభాగం, దానికో మేనేజరు, హోటళ్ళలో మీటింగులు. బాగానే ఉంది. అయితే కంపెనీలో ఆలోచించే హక్కు ఎవరికుందని మేం అడుగుతున్నాం.

మా బడికొచ్చే పిల్లల తండ్రి ఒకాయన ఒక కంపెనీలో కాంట్రాక్టు కూలీ. కంపెనీ పేరు రాయం, రాస్తే ఆయన పని పోద్ది. వానాకాలం గొట్టం చుట్టూ నీళ్ళు నిలిచి ఇనుము తుప్పు పట్టిపోతోంది. "ఇటు చిన్న కాలవ తీస్తే సరిపోద్ది సార్" అన్నాడు. "తట్ట మోసేవాడివి, నీకెందుకురా ఇంజనీరింగు" అన్నారు. ఆర్నెల్లకు అదే కాలవ కాగితం మీద గీసిన సారుకు శాలువా కప్పారు. తవ్వింది మాత్రం మళ్ళీ మనోడే.

కులం పనినే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొడుతుందని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చెప్పాడు. ఆ మెట్లు ఊళ్ళోనే ఆగిపోలేదు, కంపెనీ గేటు దాటి లోపలికి పోయాయి. చేతికీ బుర్రకూ మధ్య గోడ కట్టిన చోట కొత్త ఆలోచన ఎట్లా పుడుతుంది?

ఈ గోడ ఖరీదు కోనసీమకు తెలుసు. 2014 జూన్ 27 తెల్లారగట్ల మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గొట్టం పేలింది. 20 మందికి పైగా కాలిపోయి చచ్చిపోయారు. గ్యాసు వాసన వస్తోందని ముందే చెప్పాం, పట్టించుకోలేదని ఊరివాళ్ళు మొత్తుకున్నారు. విచారణలో తేలిందేంటి? పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారు. లోపలి నీరు ఇనుమును తినేసింది. గ్యాసులోంచి నీరు తీసే యంత్రం లోకానికి కొత్తదేం కాదు. అంత పెద్ద కంపెనీకి లేనిది యంత్రం కనిపెట్టే తెలివి కాదు, పేటవాడి మాట వినే చెవి.

జపాన్‌లో టయోటా కార్ల కంపెనీ 1951లోనే కార్మికుల సూచనలు తీసుకునే పద్ధతి పెట్టింది. అక్కడ తప్పు కనబడితే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి పని ఆపించొచ్చు. ధర్మానికి కాదులెండి, లాభానికే చేశారు. లాభం కోసమైనా కూలోడి మాట విన్నారు. మనోళ్ళకు లాభం కన్నా కులమే ఎక్కువైంది!

2022లో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆ పేరు కంపెనీ గేటు లోపలికి ఎప్పుడు పోతుందో.

మేం అడిగేది దానం కాదు. భద్రతా కమిటీల్లో కాంట్రాక్టు కూలీలకూ, గొట్టం పక్కనున్న పేటలకూ చోటివ్వాలి. ప్రమాదం కనబడితే పని ఆపించే అధికారం వాళ్ళకుండాలి. కూలీ చెప్పిన ఆలోచన అతని పేరు మీదే పుస్తకంలో ఎక్కాలి, 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. బహుమతి ఉంటే అదీ అతనిదే.

అన్నలారా, అక్కలారా, ఈ పక్షంలో మీ పేటలో కంపెనీ పనికి పోయేవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. ఏం చూశారు, ఎవరికి చెప్పారు, ఏమన్నారు? రాసి మాకు పంపండి. పనివాళ్ళ పేర్లు మాత్రం రాయకండి.