పాత కారుకు కరెంటు పెడతారట!

పాత వస్తువును పారేయడం మనకు చేతకాని పని. చీర చిరిగితే బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం. "ఇంకా పనికొస్తుంది, ఉంచు" అనే మాట రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. కాబట్టి ఇంజను పాడైన పాత కారును ఇనుప సామాన్ల కొట్టుకు తోలెయ్యకుండా, మోటారూ బ్యాటరీలూ పెట్టి ఇంట్లోనే కరెంటు కారుగా మార్చేస్తామని మగవాళ్ళు అంటే ముందుగా సంతోషించేది ఇల్లాలే. ఆ సంతోషంలోనే నాలుగు ప్రశ్నలు కూడా మనమే అడగాలని నేనంటాను. ఆ కారు నిలబడేది మన వాకిట్లో. కరెంటు పోయేది మన మీటరు మీద. అందులో కూర్చునేది మన పిల్లలు.

మా ఇంట్లో ఈ చర్చ ఏడాదిగా నలుగుతోంది. మా నాన్నగారు వాడిన 1999 మోడల్ మారుతి 800 ఒకటి ఉంది. ఆయన పోయాక అమ్మ దాన్ని అమ్మనివ్వలేదు. కాగితాలు తన పేరు మీదికి మార్పించుకుని షెడ్డులో ఉంచింది. ఇంజను మాత్రం మొరాయించింది. మా మరిదికి యంత్రాలంటే పిచ్చి. "వదినా, మీరు తిరిగే తిరుగుడికి బ్యాటరీ కారే సరైంది. ఇంజను పీకేద్దాం, ఆరు ఇన్వర్టర్ బ్యాటరీలు పెడదాం, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. మా ఆయన వెంటనే, "దాంతో రాజమండ్రి వెళ్ళి రాగలమా?" అని అడిగారు.

కథలు రాసుకునేదాన్ని కాబట్టి మనుషులు అడిగే ప్రశ్నలు నాకు గుర్తుండిపోతాయి. కారనగానే మగవాళ్ళకు ముందు దూరం గుర్తొస్తుంది, తర్వాత వేగం. హైదరాబాదు వెళ్ళగలదా? ఘాట్ రోడ్డు ఎక్కుతుందా? అది రైతుబజారుకు వెళ్ళగలదా అని ఒక్కరూ అడగరు! పిల్లను ట్యూషన్‌లో దింపడం, అమ్మకు మందులు తెచ్చివ్వడం, గ్యాసు ఆఫీసు, బ్యాంకు, టైలరు... ఇవేవీ "ప్రయాణం" కింద లెక్కకు రావు. ఒక నెల పాటు క్యాలెండరు వెనక రాసి చూశాను. నా తిరుగుడు రోజుకు పాతిక కిలోమీటర్లు దాటింది చాలా తక్కువ. మా ఆయన కారు ఆయనతోపాటే ఆఫీసుకు పోతుంది. నాకు లైసెన్సు ఉంది, నడపడం వచ్చు, నడపడానికి బండే లేదు. రాత్రి ఎనిమిది దాటాక ఊరి ఆ చివరి నుంచి ఆటోలో ఒంటరిగా రావడమంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

చిత్రమేమిటంటే పెట్రోలు ఇంజనుకు ఈ పొట్టి ప్రయాణాలే గిట్టవు. వేడెక్కేలోపే ఆపేయడం, మళ్ళీ స్టార్టు చేయడం, సిగ్నల్ దగ్గర ఊరికే తిరగడం... ఇలాంటప్పుడే అది పెట్రోలు బాగా తాగేది. మోటారుకు ఆ గొడవ లేదు. ఆగినప్పుడు ఆగుతుంది, కదిలినప్పుడే కరెంటు తీసుకుంటుంది. అంటే చిన్న బ్యాటరీతో మార్చిన పాత కారు సరిగ్గా ఇల్లాలి తిరుగుడికి కుదిరే బండి. ఇందులో మా మరిది మాట నిజమే.

అసలు కార్ల కథలో ఆడవాళ్ళు మొదటి నుంచీ ఉన్నారు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన బండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి సుమారు నూరు కిలోమీటర్లు వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొనుక్కుంది. ఆ తర్వాత అమెరికాలో హెన్రీ ఫోర్డ్ ఊరూరా పెట్రోలు కార్లు అమ్ముతున్న కాలంలో ఆయన భార్య క్లారా నడిపింది 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు. హ్యాండిల్ పెట్టి తిప్పే పని లేదు, పొగ లేదు. "ఆడవాళ్ళ కారు" అని దానికో పేరు కూడా పెట్టారు. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టరు వచ్చాక పెట్రోలు కారుతో ఆ తిప్పుడు బాధ పోయింది, మెల్లగా ఆ కరెంటు కార్లూ పోయాయి. ఇప్పుడు వందేళ్ళు దాటాక అవే తిరిగొస్తుంటే మళ్ళీ మనం పక్కసీట్లో కూర్చుని వింటున్నాం!

కాబట్టి వినడం ఆపి అడుగుదాం. మొదటి ప్రశ్న, ఏమేమి మారుస్తారు? ఇంజను, పెట్రోలు ట్యాంకు, రేడియేటరు, సైలెన్సరు తీసేస్తారు. గేరుబాక్సు ఉంచి దానికి ఒక ఇనుప పలక అమర్చి మోటారు బిగిస్తారు. మనం యాక్సిలరేటరు నొక్కినదాన్ని బట్టి మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో చూసే కంట్రోలరు ఒకటి, బ్యాటరీలు, ఛార్జరు, లైట్లకూ హారనుకూ పన్నెండు వోల్టులు ఇచ్చే పెట్టె ఒకటి. పవర్ బ్రేకు ఉన్న బండి అయితే ఇంతవరకు ఇంజనే దానికి సాయం చేసేది కనుక వేరే పంపు కూడా పెట్టాలి. చెప్పుకుంటే పది నిమిషాల పని. నిజానికి నెలల పని.

రెండో ప్రశ్న బరువు. ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి మనకు తెలియనిది కాదు. దానికి డిస్టిల్డ్ వాటర్ పోసేది మనమేగా! పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఒక్కోటి యాభై కిలోలకు పైమాటే. ఆరు పెడితే డెబ్భై రెండు వోల్టులు వస్తాయి, మూడు వందల కిలోల బరువూ వస్తుంది. మారుతి 800 మొత్తం బరువే ఆరు వందల యాభై కిలోల దగ్గర. ఇంజనూ ట్యాంకూ తీసేస్తే తగ్గేది కొత్తగా ఎక్కేదాంట్లో సగం కూడా ఉండదు. మరి ఆ స్ప్రింగులు, ఆ బ్రేకులు మోస్తాయా? మాది కాకినాడ, సముద్రపు గాలి. కారు అడుగు రేకు ఎంత తుప్పు తిందో చూడకుండా దానిమీద బ్యాటరీలు పేరుస్తారా? పైగా ఆ బ్యాటరీలను రోజూ అడుగంటా వాడితే త్వరగా చచ్చిపోతాయి. సగమే వాడాలి. సగానికి వచ్చేది నలభై కిలోమీటర్లు. లిథియం బ్యాటరీ అయితే బరువు మూడో వంతుకు తగ్గుతుంది. ధర మాత్రం తగ్గదు.

మూడోది డబ్బు. ఈ లెక్క కాగితం మీద వేసి చూశాను. నెలకు ఆరు వందల కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు పదిహేను కిలోమీటర్లు, లీటరు నూటపది రూపాయలు వేసుకుంటే పెట్రోలుకు 4,400. కరెంటు అయితే ఎనభై యూనిట్లు చాలు. అయితే మీటరు సంగతి మగవాళ్ళకు తట్టదు. ఈ ఎనభై యూనిట్లూ మన మామూలు వాడకం మీద వచ్చి పడతాయి, స్లాబు మారిపోతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు నాలుగు వందల యూనిట్లు దాటితే ఆపై ప్రతి యూనిట్‌కూ 9.75 రూపాయలు. ఆ రేటునే వేసినా 780. అంటే నెలకు మూడు వేల ఆరు వందలు మిగులు. బాగుంది! కానీ లిథియం బ్యాటరీతో కారు మార్చడానికి నాలుగైదు లక్షలు అవుతుంది. నాలుగు లక్షలే అనుకున్నా తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. దానికితోడు ఇరవై ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించే ఫీజు 2025 ఆగస్టులో పదివేలు చేశారు. 2022 ఏప్రిల్‌కు ముందు అది ఆరు వందలు! కాకపోతే ఇంకో లెక్క కూడా ఉంది. 2022లో టాటా టియాగో కరెంటు కారు వచ్చినప్పుడు మొదటి ధర 8.49 లక్షలు. అందులో సగంతో నాకంటూ ఒక బండి ఉంటుందంటే, ఆ సుఖాన్ని ఏ గడిలో రాయాలి?

నాలుగోది చట్టం. దీన్ని అడిగేసరికి మా ఇంట్లో అందరూ నా వంక చూశారు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో ఉన్నదానికి భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణతో, అనుమతి లేకుండా అలా మార్పించుకున్న యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. కరెంటు కారుగా మార్చే కిట్లకు ఎ.ఐ.ఎస్. 123 అని ఒక ప్రమాణం ఉంది. ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్టునే, అధికారం ఉన్నవాళ్ళ చేత బిగించుకుని, ఆర్.టి.ఏ. ఆఫీసులో చూపించి ఆర్.సి.లో పెట్రోలు అన్నచోట కరెంటు అని రాయించుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్ళకూ చెప్పాలి. ఇవేవీ లేకుండా పెరట్లో మార్చిన కారుతో ఎవరినైనా గుద్దితే? ఇన్సూరెన్సు కంపెనీ చేతులు దులుపుకుంటే అమ్ముకోవాల్సినవి మన గాజులే.

"అన్నీ అలా భయపడితే ఏదీ చేయలేం వదినా" అన్నాడు మరిది. ఒకప్పుడు వంటగ్యాసు సిలిండరును వెనక సీటు కింద దాచి మారుతి వ్యాన్లు తోలిన సంగతి గుర్తుచేశాను. ఆ సిలిండర్లు మన వంటింట్లోంచి పోయినవే. 2000లో చట్టం సవరించి బండ్లకు గ్యాసు వాడుకోనిచ్చాక ఆమోదం ఉన్న కిట్లు వచ్చాయి, వేరే ట్యాంకులు వచ్చాయి. ధైర్యం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. మధ్యలో దారి ఏర్పడింది, అంతే. డెబ్భై రెండు వోల్టుల బ్యాటరీల వరసలో తీగె ఊడితే పుట్టే నిప్పు ఇంటి కరెంటులోలా తేలిగ్గా ఆరిపోదు. ఛార్జింగ్ అవుతున్నప్పుడు ఈ బ్యాటరీల్లోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, గాలాడని షెడ్డులో అది ప్రమాదం. పిల్లలు ఆడుకునే చోట ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి ఛార్జింగ్ పెడతామంటే నేను ఒప్పుకోను. గీజరుకు వేసినట్టు వేరే లైను, ఎర్తింగు, వేరే ఎం.సి.బి. ఉండాలి.

అలాగని ఈ ఆలోచనను అటక మీద పడేయమని నేననను. ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది కూడా ఉంది. 2020లో తెలంగాణ ప్రకటించిన విధానంలో పాత ఆటోలను కరెంటుకు మార్చుకుంటే ఖర్చులో పదిహేను శాతం, పదిహేను వేలకు మించకుండా, మొదటి ఐదువేల ఆటోలకు ఇస్తామన్నారు. మంచిదే. మరి ఇంటి కారు మాటేమిటి? మన దగ్గర ఆమోదం కిట్టు చేసే కంపెనీకి. ఒక మనిషి ఇంట్లో ఎంత బాగా మార్చుకున్నా దాన్ని పరీక్షించి సరే అనే దారి లేదు. న్యూజిలాండ్‌లో అలాంటి బండిని విడిగా తనిఖీ చేసి, పాసైతే దానికో పలక బిగించి రోడ్డు మీదికి పంపుతారు. మనకు ఊరూరా పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. అక్కడ చదివే ఆడపిల్లలూ ఉన్నారు. పాత కార్ల అడుగు తుప్పు చూడటం, బ్యాటరీ బిగింపు తనిఖీ చేయడం అక్కడ నేర్పి, ఆ సర్టిఫికెట్‌కు ఆర్.టి.ఏ. విలువ ఇస్తే ఎంత బాగుంటుంది! మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. ఊళ్ళల్లో షెడ్లలో దుమ్ము కొట్టుకుంటూ ఇంకా ఎన్ని ఉన్నాయో మీ వీధిలోనే చూడండి.

మా ఇంట్లో తేల్చిన మాట ఇది. ఆమోదం ఉన్న కిట్టు మా మోడల్‌కు దొరికేదాకా కారు జోలికి వెళ్ళకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీల మాట ఎత్తకూడదు. మరిది వారం రోజులు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత తనే ఆర్.టి.ఏ. ఆఫీసుకు వెళ్ళి ఏ కాగితాలు కావాలో రాసుకొచ్చాడు. డబ్బు కోసం నేనూ అమ్మా పోస్టాఫీసులో చెరో ఆర్.డి. మొదలుపెట్టాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట వస్తే "మీ మగవాళ్ళ గొడవ నాకెందుకు" అని వంటింట్లోకి వెళ్ళిపోకండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. బరువెంత, ఖర్చెంత, కాగితాలేవి అని అడగండి. వాటన్నిటికీ సరైన జవాబులు వచ్చాక చివరగా ఇంకో మాట కూడా అడగండి... పగలంతా ఆ కారు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని.