ఎకరానికి ఎంత ధైర్యం పెట్టాలి?

"పంట పోయినవాళ్లంతా చచ్చిపోతున్నారా? గుండె దిటవు లేక పోయాడు." పల్నాడులోనో ప్రకాశంలోనో ఒక కౌలు రైతు ప్రాణం తీసుకున్నాడని పేపర్లో వచ్చిన రోజున గుంటూరు టీ కొట్ల దగ్గర ఈ మాట వినపడక మానదు. ఈమధ్య దీనికి మెరుగుపెట్టి వేదికలు కూడా ఎక్కిస్తున్నారు. మైకు పట్టుకున్న వ్యక్తిత్వ వికాస నిపుణుడు, పక్కన శాలువా కప్పుకున్న పెద్దమనిషి, వెనక ఫ్లెక్సీ మీద ఉదయించే సూర్యుడు. రైతుకు మనోధైర్యం కావాలట. సానుకూల దృక్పథం అలవరచుకోవాలట. వింటుంటే ఒళ్లు మండుతోంది.

ధైర్యం లేనివాడు మిరప వేస్తాడా? సొంతానికి సెంటు భూమి ఉండదు. ఎకరానికి ముప్పై, నలభై వేల కౌలు చాలాచోట్ల ముందే చెల్లించాలి. తర్వాత విత్తనం, ఎరువు, వారం తిరక్కుండా మందు, చివర కోత కూలి. బ్యాంకు మొహం చూడదు కాబట్టి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి నోటు రాయాలి. ఇన్ని చేసి, కాయ యార్డుకు చేరేనాటికి ధర ఎంతుంటుందో తెలియకుండా చేలో దిగేవాడికి, ఒకటో తారీఖున జీతం పడే మనం ధైర్యపాఠం చెప్పాలా? నోరెలా వస్తుంది?

సరే, లోపం ధైర్యానిదే అనుకుందాం. మరి ఆ ధైర్యం ఎప్పుడెప్పుడు తగ్గిందో చూడండి. 1987 ప్రాంతంలో ప్రకాశం, గుంటూరు పత్తి చేలను తెల్లదోమ తుడిచిపెట్టినప్పుడు తగ్గింది. 1997-98లో శనగపచ్చ పురుగూ పొగాకు లద్దె పురుగూ ఏ మందుకూ లొంగనప్పుడు తగ్గింది. 2015లో ప్రకాశం పొగాకు వేలం కేంద్రాల్లో ధర పడిపోయినప్పుడు తగ్గింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరినప్పుడు మళ్లీ తగ్గింది. ధర పలికిన ఏడాది మాత్రం ఎలాగో పెరుగుతుంది! ఇదేం ధైర్యమండీ, యార్డు రేట్ల బోర్డు చూసుకుని పెరిగి తరుగుతుంది? 2023లో 20 వేలు దాటి పలికిన క్వింటా మిర్చి 2025 ఫిబ్రవరిలో సగానికి దిగజారితే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం పేరిట 11,781 రూపాయల ధర ప్రకటించింది. వికాస నిపుణులు ఆ అంకె మీద ఒక్క ఉపన్యాసం ఇచ్చారా?

ఇంటర్ ఫలితాలొచ్చిన వారం పిల్లల ఒత్తిడి గురించి చర్చలు పెడతాం. పెట్టాల్సిందే. నలభై అయిదేళ్లవాడి గురించి మాత్రం అనుభవజ్ఞుడు కదా, తట్టుకోవాలి కదా అంటాం. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో దాదాపు సగం మంది 30 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లు. తండ్రి మందులు, కూతురి పెళ్లి, కొడుకు ఇంజనీరింగ్ ఫీజు, అన్నీ ఒకేసారి నెత్తిన పడే వయసు. అందరూ ఆనుకునే మనిషి తను ఎవరికి ఆనుకోవాలి?

ఆ సంస్థ లెక్కల పట్టికలోనే కారణాల వరస ఉంది. మొదటి స్థానం 'కుటుంబ సమస్యలు', 31.7 శాతం. చదివి తృప్తిగా తలాడిస్తారు మన పెద్దమనుషులు. అప్పు కుటుంబంలోకి రాకుండా ఎక్కడికి పోతుందయ్యా? అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి, పక్కింటివాళ్లు వినేలా నాలుగు మాటలని పోతాడు. ఆ రాత్రి మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకుంటారు. తెల్లారి ఏదైనా జరిగితే పట్టికలో పడేది ఆ దెబ్బలాటే, వాకిట్లో నిలబడ్డవాడు కాదు. తాగుడంటారా? తాగుడు ప్రమాదాన్ని పెంచే మాట నిజమే. కానీ ఊరూరా సీసా చేరవేసేది ఎవరో కూడా రాయండి.

ఇక చనిపోయాక నడిచే తంతు గురించి చెప్పకపోతే నా కోపం తీరదు. 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి ఇది నికార్సయిన రైతు ఆత్మహత్యేనా అని తేలుస్తారు. పాసుపుస్తకం ఏదీ? పొలం ఎవరిదో కాబట్టి లేదు. కౌలు కార్డు ఏదీ? 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం కావాలి, భూమి ఎక్కడ పోతుందోనని ఆయన పెట్టలేదు. బ్యాంకు అప్పు కాగితం ఏదీ? కార్డు లేనిదే బ్యాంకు ఇవ్వలేదు. అంటే బతికుండగా రైతు కాదన్నారు, పోయాక కూడా కాదంటున్నారు. భూమి ఉన్నవాడి ఖాతాలో మాత్రం, ఆ చేలో కాలు పెట్టకపోయినా, పీఎం కిసాన్ ఆరు వేలు ఏటా పడతాయి. పైగా పరిహారం ఏడు లక్షల కోసమే పోయాడని గొణిగేవాళ్లు! నోట్లు, వడ్డీలు, పిల్లలు, కౌలు బాకీ మీద వేసుకుని ఆ కాగితాల కోసం తిరిగే భార్యను ఒక్కసారి చూసి రండి.

మానసిక వైద్యం వద్దనడం లేదు. కుంగుబాటు జబ్బే, మందుంది, నయమవుతుంది. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది దొరకాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యతంది. కౌలు రైతుకు పునరావాసమంటే పంట రుణం కాక ఇంకేమిటి?

పోవాలనుకున్నవాణ్ణి ఎవరాపుతారనేది ఇంకో వేదాంతం. శ్రీలంక ఆపి చూపింది. 1995 నుంచి దశలవారీగా అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించింది. తర్వాతి ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది, పంట దిగుబడి తగ్గలేదు. లంకేయులకు హఠాత్తుగా గుండె దిటవు పెరిగిందా? ఆ గడ్డు ఘడియలో ప్రాణాంతకమైనది చేతికందకపోతే మనిషి బతుకుతాడు. బతికినవాళ్లలో అత్యధికులు తర్వాత నిండుగా బతుకుతారు. మనమూ కొన్నిటిని నిషేధించాం, ఒక్కోదానికీ ఏళ్లూ పూళ్లూ పట్టింది.

ఏం చేయాలంటారా? యజమాని సంతకంతో పని లేని కౌలు కార్డు, ఆ కార్డు మీద బ్యాంకు అప్పు, ప్రాణాలు తీసే మందుల మీద నిషేధం. దారులు నాకంటే తెలిసినవాళ్లు చెబుతారు, వాళ్లనడగండి.

చట్టం మారేలోగా చేయగలిగింది మాత్రం ఉంది. పొలం కౌలుకిచ్చి హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటున్న అయ్యలారా, పదకొండు నెలల కార్డు మీద సంతకానికి మీ భూమి ఎక్కడికీ పోదు, ఈ ఏడన్నా పెట్టండి. ఊళ్లో ఉన్నవాళ్లారా, నలుగురిలో కలవడం మానేసి, "నేను లేకపోతే మీకే నయం" అంటున్న మనిషి కనపడితే ఉపన్యాసం ఇవ్వకండి. పక్కన కూర్చుని "బాబాయ్, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తీయించేయండి, టెలీ మానస్ 14416కు మీరే ఫోన్ కలిపి ఇవ్వండి. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.