ఎలుక మీద కోపం

"ఫార్మాట్ కొడితే అంత సాఫైతది సార్!"

ఈ ఒక్క ముక్క నోటికి వస్తే చాలు. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి మహబూబ్‌నగర్ న్యూటౌన్ దాకా, మధ్యలో మిర్యాలగూడ, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల ఎక్కడైనా సరే, కంప్యూటర్ వైద్యుడిగా దర్జాగా బతికేయవచ్చు. తెర నల్లబడిందా? ఫార్మాట్. యంత్రం నత్తనడక నడుస్తోందా? ఫార్మాట్. ప్రింటరు అలిగి కూర్చుందా? దానికీ ఫార్మాటే. మౌసు కదలడం లేదా? సందేహమెందుకు, కొట్టు ఫార్మాట్! మౌసంటే ఎలుకే కదా. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడి సంగతి మన పెద్దలు కంప్యూటర్లు పుట్టకముందే చెప్పి పెట్టారు. వాళ్ళ దూరదృష్టికి దండం పెట్టాలి.

వెనకటికి పల్లెల్లో సంచీ డాక్టర్లుండేవారు. జ్వరానికీ, నడుంనొప్పికీ, కడుపునొప్పికీ ఒకటే సూది. ఆ సూదిలో ఉన్నది మందో, మంచినీళ్ళో దేవుడికే తెలియాలి. కానీ ఒక్క మాట వాళ్ళ తరఫున చెప్పుకోవాలి. సూది పొడిపించుకున్న రోగి తన పేరూ, పెళ్ళాం పేరూ, ఊరి పేరూ మరచిపోయి లేచేవాడు కాదు. మన కంప్యూటర్ వైద్యంలో ఆ ముచ్చటా జరిగిపోతోంది. రోగి బతుకుతాడు, గతం మాత్రం చస్తుంది.

ఇది పరిహాసానికి అంటున్న మాట కాదు. కల్వకుర్తి వైపు పల్లెలో నేనెరిగిన తెలుగు పండితుడొకాయన ఉన్నారు. రిటైరయ్యాక అందరిలా అరుగు మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడక, ఒక పని పెట్టుకున్నారు. తమ చుట్టుపక్కల ఊళ్ళలోని కుంటల పేర్లు, బావుల పేర్లు, చేన్ల పేర్లు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, బొంబాయికీ భివండీకీ వలసపోయిన కుటుంబాల వివరాలు అన్నీ సేకరించి కంప్యూటర్లోకి ఎక్కించడం. పదకొండేళ్ళ శ్రమ. ఒక్క వేలితో టైపు చేసే మనిషికి పదకొండేళ్ళంటే ఎంత శ్రమో ఆలోచించండి.

ఆయన కంప్యూటర్‌కి ఉన్నట్టుండి ఓ జబ్బు పట్టుకుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దానంతటదే ఆరిపోయి మళ్ళీ వెలిగేది. పట్నం నుంచి వైద్యుణ్ణి పిలిపించారు. ఆ అబ్బాయి వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, పెట్టె మూత కూడా విప్పలేదు. "విండోస్ కరాబైంది సార్" అన్నాడు. జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. గంటన్నరలో కంప్యూటర్ కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోయింది. ఐదు వందలు పుచ్చుకుని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే పక్క చేలో బోరు మోటారు వేశారు. కంప్యూటర్ టక్కున ఆరిపోయి మళ్ళీ వెలిగింది!

అసలు జబ్బేమిటయ్యా అంటే, టేబుల్ కింద దుమ్ము కొట్టుకుని పడి ఉన్న యు.పి.ఎస్.లో బ్యాటరీ చచ్చిపోయింది. అందులో ఉండేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. మన ఎండలకు అది రెండు మూడేళ్ళు నిలిస్తే గొప్ప. బోరు మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. లైన్లో వోల్టేజి గభాలున పడిపోతుంది. ఆ రెప్పపాటు ఆదుకోవలసిన యు.పి.ఎస్. ఆదుకోలేదు. ఇందులో విండోస్ చేసిన పాపమేమిటి? పుండొకచోట, మందొకచోట.

ఈ ఎర్ర చెల్కల్లో, రాతి నేలల్లో వ్యవసాయమంటేనే బోరుబావి. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కుమ్మడిగా లేచేట్టు ఆటో స్టార్టర్లు పెట్టుకున్న రోజులు మనం చూశాం. సేద్యానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైతే, దానికి ముందు ఆ స్టార్టర్లు తీసెయ్యండి బాబూ అని సర్కారు వారు బతిమాలుకోవలసి వచ్చింది. ఇలాంటి సీమలో కంప్యూటర్ వైద్యుడు అన్నవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న కరెంటు గురించి కాదూ? అమెరికాలో కూర్చున్నవాడు అడక్కపోతే సరే అనుకోవచ్చు. బోరు మోటారు చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లవాడికి తట్టకపోతే ఏమనాలి?

సరే, పండితుడి గారి కథ అక్కడితో అయిపోలేదు. "నా కాయితాలేవి నాయనా?" అని ఫోన్ చేస్తే, "డి డ్రైవు ముట్టలే సార్, అన్నీ ఉంటయి చూడుండ్రి" అన్నాడట. ఆయన రాసినవన్నీ కళ్ళెదురుగా కనిపించే డెస్క్‌టాప్ మీదనే పెట్టుకున్నారు. డెస్క్‌టాప్ అనేది తెర మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది గానీ, దాని నివాసం మామూలుగా సి డ్రైవులోనే. డాక్యుమెంట్లూ అక్కడే, డౌన్‌లోడ్లూ అక్కడే. ఫార్మాట్ కొట్టేది ఆ సి డ్రైవునే! అంటే మనిషి రోజూ వాడుకునే గది తగలబడుతుంది, తాళం వేసిన కొట్టుగది క్షేమంగా ఉంటుంది. ఈ సంగతి ఆ అబ్బాయికి తెలుసు. పండితుడి గారికి తెలియదు. తెలిసినవాడు తెలియనివాణ్ణి ముందే ఒక్క ముక్క అడగాలా వద్దా?

ఇంకా విచిత్రం వినండి. ఏనాడో మేనల్లుడు ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చిన పాత ప్రతి ఒకటి బీరువాలో దొరికింది. ప్రాణం లేచి వచ్చింది. తెరిచి చూస్తే తెలుగక్షరం లేదు! నెత్తిన చుక్కలూ గీతలూ మోస్తున్న ఏవో వంకర టింకర రోమను అక్షరాలు. మళ్ళీ అదే వైద్యుడు. "ఫైల్ కరప్టయింది సార్, వైరస్ తిన్నది. పెన్‌డ్రైవు గూడ ఫార్మాట్ కొట్టేద్దమా?" అన్నాడు. పండితుడు గారు పెన్‌డ్రైవును గుప్పిట్లో బిగించి లేచిపోయారు. ఆ బిగించడమే ఆయన్ని కాపాడింది. పెళ్ళి పత్రికలు కొట్టే డి.టి.పి. కుర్రాడొకడు చూసి పకపకా నవ్వాడు. "ఏం కాలే సార్, ఇది అను ఫాంటు. మీ కంప్యూటర్ల ఫాంటు పోయింది, అక్షరాలు యాడికీ పోలే" అని ఫాంటు ఎక్కించాడు. తెలుగంతా తళతళలాడుతూ తిరిగొచ్చింది.

ఈ అను ఫాంట్ల గురించి కాస్త చెప్పుకోవాలి. మన అచ్చుశాలలు ఏళ్ళ తరబడి వీటి మీదే బతికాయి. వీటిలో రాసింది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు, రోమను సంకేతాలే. ఆ సంకేతాలకు ఫాంటు అనే తెలుగు ముసుగు తొడుగుతాం. ముసుగు పోతే గోల బయటపడుతుంది. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు తన చోటు తనకుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. యూనికోడ్‌లో రాసుకుంటే ఫాంటు మారినా అక్షరం తెలుగక్షరంగానే ఉంటుంది. పాత అను ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి. ఇవన్నీ తెలియక "వైరస్ తిన్నది" అన్న ఒక్క మాటతో చెరిగిపోయిన కథలు, కావ్యాలు, ఊళ్ళ చరిత్రలు ఎన్ని ఉంటాయో!

తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నందుకు, పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచీ కవుల్ని వెతికి 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. అది 1934 నాటి మాట. కాయితం, కలం, తపాలా బిళ్ళ తప్ప మరో యంత్రం లేకుండా చేశారు. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి పత్రిక' వెలువడింది. అంత పేదకాలంలో కూడబెట్టిన అక్షరాలు నిలిచాయి. ఇంత సంపన్న కాలంలో కూడబెట్టినవి ఒక బటన్ నొక్కుడుకు పోతున్నాయి. పండితుడి గారి పెన్‌డ్రైవులో దొరికింది ఏడేళ్ళ పని. తర్వాతి నాలుగేళ్ళది దొరకలేదు. ఆ నాలుగేళ్ళలో ఆయనకు పాటలు చెప్పిన ముసలమ్మల్లో ఇద్దరు ఇప్పుడు లేరు.

దొరికే మార్గం లేకపోలేదు లెండి. మామూలుగా కొట్టే తొందర ఫార్మాట్, పాత రకం హార్డ్ డిస్కులో, విషయసూచిక పేజీని మాత్రమే చించేస్తుంది. పుస్తకం లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్త రాత పడకముందే ఆపి, తెలిసినవాడి చేత వెతికిస్తే చాలా మటుకు దొరుకుతాయి. కానీ మనవాడు అదే పూట విండోస్‌తో పాటు నాలుగు సినిమాలు, రెండు ఆటలు ఉచితంగా ఎక్కించి పోయాడు! ఇక కొత్త రకం ఎస్.ఎస్.డి. అయితే, చెరిపేసిన చోటును అదే శుభ్రం చేసుకుంటుంది కనుక ఆశ ఇంకా తక్కువ.

ఇదంతా ఒక కుర్రవాడి మీద కక్షతో రాస్తున్నానని అనుకోకండి. వాళ్ళలో ఒకడితో వాదం వేసుకున్నాను. "సారూ, నేను రెండు గంటలు కూసోని అసలు రోగం పట్టిన్ననుకో, 'వైరు లూజున్నది, బిగించిన' అంటే మీరు పైసలిస్తరా? గింతదానికేనా అంటరు. ఫార్మాట్ కొడితే ఐదు నూర్లు కండ్లకద్దుకోని ఇస్తరు" అన్నాడు. వాడి మాటలో నిజం లేదని ఎలా అనగలను? రోగం కనిపెట్టినందుకు మన బజార్లో ధర లేదు. ఇల్లు కాల్చినందుకు ధర ఉంది. ఆర్పినవాడికి చాయ నీళ్ళు కూడా లేవు. అయితే నాయనా, నీ కూలి గిట్టుబాటు కావడానికి ఆ ముసలాయన నాలుగేళ్ళు ఖర్చు పెట్టే హక్కు నీకెవరిచ్చారు? ఐదు వందలు అడుగు, ఏడు వందలు అడుగు. వెతికినందుకు అడుగు!

నిజానికి మన సీమలో కంప్యూటర్లకు వచ్చే జబ్బుల్లో సగం దుమ్ముతోనూ, ఎండతోనూ, కరెంటుతోనూ వచ్చేవే. ఏప్రిల్, మే నెలల్లో లోపలి ఫ్యానుకు దుమ్ము పట్టి, గాలి ఆడక యంత్రం ఉడికిపోతుంది. ఉడికినప్పుడు తన్ను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, మరీ ఉడికితే ఆరిపోతుంది. దానికి మందు బ్రష్షూ, కాస్త గాలీ. ఆన్ చేయగానే కీచుమని అరిచి తెర వెలగకపోతే, చాలాసార్లు ర్యామ్ అనే బద్ద కదిలి ఉంటుంది. కరెంటు తీసేసి, దాన్ని ఊడదీసి, పసుపుపచ్చ అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టేవాళ్ళున్నారు, పని చేస్తుంది కూడా. తేదీ రోజూ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతూ, బ్యాంకు పేజీ తెరవబోతే భద్రత లేదని మొరాయిస్తోందా? లోపల ఉండే బిళ్ళంత బ్యాటరీ, సి.ఆర్. 2032, 3 వోల్టులది, అయిపోయింది. కొద్ది రూపాయల వస్తువు. దీనికీ ఫార్మాట్ కొట్టిన ఘనులున్నారు!

పెట్టెను ముట్టుకుంటే జుమ్మంటోందని పిల్లలు భయపడుతున్నారా? అది ఇంటి ఎర్తింగు లేదని చెప్పే గంట. ఎర్తు లేనప్పుడు, పవర్ సప్లైలోని చిన్న చిన్న కెపాసిటర్ల గుండా లైను వోల్టేజిలో సుమారు సగం పెట్టె మీదికి వచ్చి కూర్చుంటుంది. కరెంటు స్వల్పమే గానీ జుమ్మనిపిస్తుంది. మన మొరం నేలల్లో ఎండాకాలం తడి ఆరిపోయి ఎర్తు గుంత ఒట్టి గుంతగా మిగులుతుంది. ఉప్పూ, బొగ్గూ వేసి, అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్ళు పోయాలి. ఇది కంప్యూటర్ కోసమే కాదు, తడి చేతులతో ఫ్రిజ్ తలుపు తీసే ఇల్లాలి కోసం కూడా. ఎలక్ట్రీషియన్‌ను పిలవవలసిన చోట ఫార్మాట్ కొట్టిస్తే, ప్రమాదం అలాగే ఉంటుంది, పెళ్ళి ఫోటోలు మాత్రం పోతాయి.

తప్పనిసరిగా విండోస్ మళ్ళీ ఎక్కించవలసిన సందర్భాలూ ఉంటాయి, కాదనను. అప్పుడు కూడా ఫైళ్ళు ఉంచేసి వ్యవస్థను మాత్రమే బాగుచేసే మార్గం విండోస్‌లోనే ఉంది. "నా ఫైళ్ళు ఉంచు" అని అదే అడుగుతుంది పాపం. యంత్రానికున్న మర్యాద మనిషికి లేకపోయింది! ఇక 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగియగానే, "సార్, పది బంద్ అయింది, కొత్త సిస్టం కొనుండ్రి" అని మరో పాట అందుకున్నారు. ముగిసింది భద్రతా సవరణల సంగతి. కంప్యూటర్ ఆ రాత్రికి రాత్రే బంద్ అయిందేమీ లేదు. ఏం చెయ్యాలో నిదానంగా ఆలోచించుకోవచ్చు.

కాబట్టి షాపులవారికి నా డిమాండు ఇది. బోర్డు మీద "ఫార్మాట్ రూ. 500" అని రాసే చోట, దానికి పైన, "చూసినందుకు రూ. 200" అని రాయండి. మేం ఇస్తాం. ఇవ్వనివాళ్ళ కంప్యూటర్ ముట్టుకోకండి. ముట్టుకునే ముందు ఒక చీటీ నింపించండి. డెస్క్‌టాప్ మీద ఏమేమున్నాయి, వాటికి రెండో ప్రతి ఎక్కడుంది, తెలుగు ఏ ఫాంటులో రాశారు అన్న వివరాలు రాయించి, సంతకం పెట్టించుకున్నాకే పెన్‌డ్రైవు జేబులోంచి బయటికి తీయండి. ఆ చీటీలో అన్నిటికంటే పైన మాత్రం ఈ ప్రశ్న ఉండాలి: "మీ పక్క చేలో మోటారు ఎన్ని గంటలకు వేస్తరు?"