చెడ్డవాడి చావుకు కన్నీళ్లు

కథలో దుర్మార్గుడు చచ్చిపోతే చదువరి "పీడ విరగడైంది" అనుకుని పుస్తకం మూసెయ్యాలి. పెద్దలు కథ చెప్పే పద్ధతి అదే గదా! కాని 2013 మార్చి 24వ తేదీ రాత్రి అమెరికాలో టెలివిజన్ ముందు కూర్చున్న జనంలో చాలామంది, అంతవరకూ తాము తిట్టిపోసిన వొక మొరటు మనిషి చస్తే కళ్లు తుడుచుకున్నారు. వాడి పేరు మెర్ల్ డిక్సన్.

కథ పేరు 'ది వాకింగ్ డెడ్' - నడిచే శవాలన్న మాట. రాబర్ట్ కిర్క్‌మన్ రచనగా 2003లో బొమ్మల కథై మొదలయింది. 2010 అక్టోబరు నుంచి 2022 నవంబరు దాకా పదకొండు సీజన్లు టెలివిజన్‌లో నడిచింది. ఈ లోకంలో యెవరు యెలా చచ్చినా సరే, మెదడు చితక్కపోతే కాసేపటికి లేచి మనుషుల్ని పీక్కు తింటారు. వాళ్లనే జాంబీలంటారు. మన బేతాళుడు నయం, కథలైనా చెబుతాడు. వీళ్లకు ఆకలి తప్ప మరొకటి తెలియదు.

మెర్ల్, వాడి తమ్ముడు డేరిల్ బొమ్మల కథలో లేరు. టెలివిజన్ కోసం పుట్టించినవారు. అన్నగా మైకేల్ రూకర్, తమ్ముడుగా నార్మన్ రీడస్ నటించారు. అన్నగారి సుగుణాలు వినండి. మత్తుమందు అలవాటు. నల్లవారంటే వొళ్లంతా విషం. అట్లాంటా నగరంలో వొక మేడమీద తోటి నల్లజాతి మనిషిని చావబాదితే, కథానాయకుడు రిక్ వాణ్ణి గొట్టానికి కట్టి సంకెల వేశాడు. తక్కినవాళ్లు పారిపోయారు. వీడు తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు. ఆ తరువాత గవర్నర్ అనే క్రూరుడి కొలువులో చేరి, గ్లెన్ అనే కుర్రవాణ్ణి కుర్చీకి కట్టి చిత్రహింస పెట్టాడు.

ఇటువంటివాడు చివరిరోజున యేం చేశాడయ్యా అంటే, గవర్నర్‌కు అప్పగించడానికి మిషోన్ అనే స్త్రీని బంధించి తీసుకుపోతూ, దారిలో వదిలేశాడు. కారులో పాట గట్టిగా పెట్టి, ఆ చప్పుడుకు జాంబీలను రప్పించి, వొక్కడే గవర్నర్ మనుషుల మీద పడ్డాడు. కొందర్ని పడగొట్టి, చివరకు గవర్నర్ తుపాకికి బలి అయ్యాడు.

అన్నను వెతుక్కుంటూ తమ్ముడు వచ్చాడు. అక్కడ అన్న శవంగా లేచి మరొక శవాన్ని తింటున్నాడు. తమ్ముణ్ణి చూసి మీదికి వచ్చాడు. తమ్ముడు నెట్టాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ నెట్టాడు. ఆఖరికి వెక్కి వెక్కి యేడుస్తూ కత్తి దింపాడు.

మా కాలేజీలో ఈ సీరియలు చూసిన పిల్లలు కొందరున్నారు. వాళ్లలో రెండు కక్షలు. "ప్రాణమిచ్చి పాపం కడుక్కున్నాడండీ" అంటారు కొందరు. "వొక్క పూట మంచికి అన్ని పాపాలూ కొట్టేస్తే, గ్లెన్ తిన్న దెబ్బలు యెవరి ఖాతాలో వెయ్యాలండీ?" అంటారు తక్కినవారు. ప్రపంచంలో తక్కిన ప్రేక్షకులూ దాదాపు ఈ రెండు జట్లుగానే విడిపోయారు.

నా మటుకు నాకు రెండోవారి లెక్కే సరిగ్గా కనిపిస్తుంది. బాకీ బాకీయే. అయితే కన్నీళ్లకు ఆ లెక్కతో పనిలేదని కూడా అంటాను. ఆ దృశ్యంలో మనం చూస్తున్నది మెర్ల్ వంక కాదు, డేరిల్ వంక. శవం పీక్కు తినడం బీభత్సం. తమ్ముడి యేడుపు కరుణం. జుగుప్స, శోకం వొకే చోట నిలబడితే ప్రేక్షకుడు తల తిప్పుకోలేడు, చూడనూ లేడు.

మనకిది కొత్తా? రావణుణ్ణి కాదని వచ్చేసిన విభీషణుడు, రావణుడు నేలకూలినప్పుడు భోరుమన్నాడు. అన్న చేసింది తప్పని అతనికంటె యెక్కువ తెలిసినవారెవరు? రాముడు అతని యేడుపును తప్పుపట్టలేదు. పగ చావుతో సరి, అన్నకు సంస్కారాలు జరిపించమన్నాడు. పాపం, డేరిల్‌కు చితి లేదు, కర్మ లేదు. అన్నను మళ్లీ లేవకుండా చెయ్యడమే అతను జరపగలిగిన అంత్యక్రియ. ఆ కత్తిపోటు చూసి గుండె కలుక్కుమనని వారెవరు?

ఇది జాంబీల లోకంతో పోయే సంగతి కాదు. తాగి ఇల్లు గుల్ల చేసిన అన్న, చెయ్యి చేసుకున్న మొగుడు, పరువు తీసిన కొడుకు - ఇలాంటి మనిషి లేని వీధి వుందా? అటువంటివాడు పోయిన రోజున పరామర్శకు వచ్చినవారు, "పోనీలేమ్మా, ఇకనైనా సుఖపడతావు" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కాని ఆ మాటతో ఆ ఇల్లాలికి యేడ్చే హక్కు పోతుంది. యేడిస్తే వాడు చేసిందల్లా వొప్పుకున్నట్టేమోనని ఆమె కొంగు నోట కుక్కుకుంటుంది.

క్షమించడం వేరు, యేడవడం వేరు. మొదటిది న్యాయానికి సంబంధించినది. తొందరపడనక్కర లేదు, అసలు చెయ్యకపోయినా ఫరవాలేదు. రెండోది చుట్టరికానికి సంబంధించినది. దానికి యెవరి తీర్పూ అక్కర లేదు. ఈసారి అలాంటి ఇంటికి పరామర్శకు వెళితే, పోయినవాడి గుణగణాలు తూచకండి. పక్కన కూర్చోండి. చాలు.