రోజుకొక గుడ్డు: ఇంజెక్షన్ మహిమ కాదు, జన్యువుల పని



ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన రోజుల్లో రక్తహీనతతో ఉన్న పదేళ్ల బాలికను ఒక తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. కనురెప్ప లోపలి భాగం పాలిపోయి ఉంది. బడిలో భోజనంతో పాటు ఇచ్చే గుడ్డును తినవద్దని, పక్కపిల్లకు ఇచ్చివేయమని ఇంట్లో చెప్పారట. కారణమడిగితే, "ఫారం కోళ్లకు ఇంజెక్షన్లు వేసి గుడ్లు పెట్టిస్తారు కదండీ, అవి తింటే పిల్ల తొందరగా పెద్దమనిషి అవుతుందంటున్నారు" అన్నది. ఆ తల్లిని నేను తప్పుపట్టలేదు. కాని అదే మాటను ఇప్పుడు పట్టభద్రులు కూడా ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసం.

నిజమే, గుడ్డు ఒక్కటే రక్తహీనతను తీర్చదు. అందులోని ఇనుము మన శరీరానికి అంతగా అందదు. కాని ఆరు గ్రాముల శ్రేష్ఠమైన మాంసకృత్తులను, బి12 విటమిన్‌ను, ఇంత తక్కువ ధరలో పేదింటి పిల్లకు అందించే ఆహారం మరొకటి చూపండి.

ఇక అసలు సందేహం. పెరటికోడి కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఫారం కోడి ఏడాదికి మూడు వందలకు పైగా పెడుతుంది. మందు లేకుండా ఇది ఎలా సాధ్యం? ప్రశ్న సహేతుకమైనదే. సమాధానం కోడి అండాశయంలో ఉంది.

కోడికి సాధారణంగా ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. దానిని కోసి చూసినవారికి అది ద్రాక్షగుత్తిని తలపిస్తుంది. ఆవగింజంత తెల్లని పుటికల నుంచి పండిన నిమ్మకాయ రంగు పెద్ద పుటికల వరకు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పెద్దవి ఐదారు ఉంటాయి. అవి రేపటి గుడ్డు, ఎల్లుండి గుడ్డు, ఆవలి ఎల్లుండి గుడ్డు అన్నట్లుగా వరుసలో నిలిచి ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల చిన్న పుటికలలో దాదాపు రోజుకొకటి ఈ వరుసలోకి ఎంపిక అవుతుంది. ఏ పుటిక కణాలలో ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను గ్రాహకం ముందుగా పెరుగుతుందో, దానికే ఆ అవకాశం. స్త్రీలో నెలకొకసారి జరిగే ఎంపిక ఇక్కడ దినచర్యగా జరుగుతోంది, అంతే తేడా. ఎంపికైన పుటిక వారం పది రోజులలో పచ్చసొనతో నిండుతుంది. ఆ సొన అండాశయంలో తయారయ్యేది కాదు. ఈస్ట్రోజన్ ఆదేశంతో కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలితే, పుటిక దానిని గ్రాహకాల ద్వారా లోపలికి లాక్కుంటుంది.

ఈ ద్వారం ఎంత కీలకమో వైట్ లెఘార్న్ జాతిలోనే కనిపించిన ఒక లోపం చెబుతుంది. ఈ గ్రాహకపు జన్యువు జడ్ క్రోమోజోముపై ఉంది. కోళ్లలో ఆడదానికి జడ్ ఒక్కటే కనుక, ఆ ఒక్క ప్రతిలో ఒక్క అక్షరం మారినా చాలు, గ్రాహకం పనిచేయదు. కాలేయం కొవ్వును పంపుతూనే ఉంటుంది, పుటిక తీసుకోలేదు. కోడి గుడ్లు పెట్టడం దాదాపు మానివేస్తుంది, కొలెస్టరాల్ విపరీతంగా పెరిగి రక్తనాళాలు పూడుకుపోతాయి. ఒక్క జన్యువు చెడితే ఆగిపోయే ఈ పనిని ఏ ఇంజెక్షన్ నడిపించగలదు?

మనిషి చేసినది ఎంపిక. ఎక్కువ గుడ్లు పెట్టిన కోళ్ల సంతతినే తరతరాలుగా ఉంచుకున్నాడు. పొదుగు బుద్ధిని కలిగించే ప్రొలాక్టిన్ ప్రభావం ఆ క్రమంలో క్షీణించింది. లెఘార్న్ కోడి సాధారణంగా పొదుగుకు కూర్చోదు, కనుక విరామమూ లేదు. అడవికోడితో పోల్చి పెంపుడు కోళ్ల జన్యురాశిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఋతువును బట్టి సంతానోత్పత్తిని నియంత్రించే వ్యవస్థకు చెందిన టీఎస్‌హెచ్ గ్రాహకపు జన్యువు మారి స్థిరపడిన సంగతిని 2010లో వెల్లడించారు. దీనికి రోజుకు పదహారు గంటల వెలుతురు, లెక్కప్రకారం మేత తోడయ్యాయి. మన హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పల్లె పెరళ్ల కోసం రూపొందించిన గ్రామప్రియ కూడా ఎంపిక, సంకరణాల ఫలితమే.

ఎఫ్‌ఎస్‌హెచ్ వంటి మాంసకృత్తు హార్మోన్లను మేతలో కలిపితే అవి కడుపులోనే జీర్ణమైపోతాయి. సూదితో ఇవ్వాలంటే వేల కోళ్లను రోజూ పట్టుకోవాలి. గుడ్డు ధర తెలిసిన ఏ రైతూ ఆ పని చేయడు. ఫారంలో మీరు చూసే సూది రాణిఖేత్ వంటి వ్యాధులకు వేసే టీకాది.

అయితే పరిశ్రమను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. భయపడవలసింది యాంటీబయాటిక్‌ల దుర్వినియోగానికి. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశుపక్ష్యాదుల పెంపకంలో వాడకుండా 2019లో ప్రభుత్వం నిషేధించవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. ఇంజెక్షన్ పుకారుపై ఖర్చుచేసిన ఆగ్రహంలో పదోవంతు దీనిపై చూపినా ఎంతో మేలు జరిగేది. ఆ కోడి పడే కష్టమూ తక్కువది కాదు. పెంకు కోసం ఎముకల సున్నం కరిగి, అవి పెళుసుబారుతాయి. ఎడతెగని అండోత్సర్గం వల్ల, వయసు మళ్లిన కోళ్లలో అండాశయ క్యాన్సరు సహజంగానే తరచుగా వస్తుంది. అందుకే స్త్రీల అండాశయ క్యాన్సరును అర్థం చేసుకోవడానికి పరిశోధకులు కోడిని ఆశ్రయిస్తున్నారు. గర్భధారణ, చనుబాలివ్వడం, గర్భనిరోధక మాత్రలు స్త్రీలలో ఈ ముప్పును తగ్గించడానికి, అండోత్సర్గానికి కొంత విశ్రాంతి దొరకడం ఒక కారణమని భావిస్తున్నారు.

ఆడపిల్లలు త్వరగా రజస్వల కావడంలో అధిక బరువు పాత్ర ఉందని మనకు తెలుసు. గుడ్డును మానిపించి చిప్స్ పొట్లం కొనిచ్చే తల్లిదండ్రులను నేను చూశాను! ఎనిమిదేళ్లు నిండకుండానే వక్షోజాల పెరుగుదల కనిపిస్తే గుడ్డును నిందిస్తూ కూర్చోక, పాపను పిల్లల వైద్యునికి చూపించండి. గుడ్డును మాత్రం పూర్తిగా ఉడికించి పెట్టండి. పచ్చిగుడ్డును పాలలో కొట్టి తాగించే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది, దానిని మానండి.